ముళ్ళపంది బదులు చిలక

గెడ్డకి, అంటే మా కొండవాగుకి, ఇవతలి గట్టు మీద పెద్ద రాతిపరుపు ఒకటి ఉంది. అది మా కొండకి కోర్టు. పున్నమి మర్నాడు ఒకసారి, అమావాస్య మర్నాడు ఒకసారి, పొద్దున్నే భద్రమ్మగారు వచ్చి దాని మీద నిలబడతారు. భద్రమ్మగారంటే ఏనుగు. కొండకంతటికీ మేజిస్ట్రేటు. చాలా మంచావిడ. ఎవరినీ బాధపెట్టడం ఆవిడకి ఇష్టం ఉండదు, ముఖ్యంగా ఎదురుగా ఉన్నవాళ్ళని.

అవతలి గట్టున పులి వదిలేసి వెళ్ళిన గుహ ఉంది. నేరం మోపి పట్టుకున్న వాళ్ళని అందులో పెడతారు. దాని కాపలా నక్క కొండప్పది. ఆ ఉద్యోగం అతనికి ఎవరిచ్చారో ఇప్పటికీ తేలలేదు. ఒకరోజు అందరం చూసేసరికి గుహ ముందు కూర్చుని ఉన్నాడు. కూర్చున్న తీరు చూసి, ఎవరో ఇచ్చే ఉంటారనుకున్నాం. అతని కింద దుమ్ములగొండి గంగులు ఉంటాడు. గంగులుకి రెండే పనులు వచ్చు: తలుపురాయి దొర్లించడం, దొరికింది తినడం.

మా చట్టం పెద్దదేమీ కాదు. పట్టుకున్నవాణ్ని మర్నాడే, కోర్టు లేని రోజైనా సరే, రాతిపరుపు దగ్గరికి తీసుకురావాలి. భద్రమ్మగారికి చూపు తక్కువ. అందుకని తొండంతో వాణ్ని ముక్కు నుంచి తోక దాకా తడిమి చూస్తారు. మూడు ప్రశ్నలు అడుగుతారు. తిన్నావా, ఎవరైనా కొట్టారా, ఏమైనా చెప్పుకుంటావా. ఆ తర్వాత ఒక కానుగ కొమ్మ విరిచి కాపలావాడికి ఇస్తారు. దాన్ని గుహ ముందు తడిమట్టిలో గుచ్చాలి. ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్ళు, అంటే ఒక పక్షం, తలుపు మూసి ఉంచే అధికారం ఉన్నట్టు. ఆకులు వాడిపోతే కొత్త కొమ్మ కావాలి. కొత్త కొమ్మ కావాలంటే ఖైదీని మళ్ళీ తెచ్చి తడిమించాలి. తేకపోతే రాయి తీసెయ్యాలి. అంతే.

ఆ ఏడు వానలు మొదలైన వారానికి అడవిపందులు దాచుకున్న పెండలం దుంపల పాతరని ఎవరో తవ్వుకుని తినేశారు. పాతర దగ్గర ఒక ముల్లు దొరికింది. ముళ్ళపంది ముల్లు దొరకని చోటు మా కొండలో లేదు. భద్రమ్మగారి చెవి వెనక కూడా ఒకటి ఉంది, ఆవిడ మీద మాత్రం ఎవరూ కేసు పెట్టలేదు. అడవిపందులే ఏదో పెళ్ళికి తినేసి మర్చిపోయాయని కోతులు అన్నాయి. కోతులు ఏమైనా అంటాయని ఎవరూ పట్టించుకోలేదు. పున్నమి నాడు కొండప్ప వెళ్ళి సింహాద్రిని పట్టుకొచ్చాడు.

సింహాద్రి ముళ్ళపంది. పుట్టినప్పుడు వాళ్ళమ్మ పెద్ద ఆశలు పెట్టుకుని ఆ పేరు పెట్టింది. అతను పెద్దయ్యాక చేసిన ఘనకార్యమల్లా ఫిర్యాదు చెయ్యడమే. మంచు పడితే చలని, ఎండ వస్తే ఉక్క అని, రెండూ లేకపోతే రోజు చప్పగా ఉందని గొణిగేవాడు. భార్య నూకాలు తక్కువ మాట్లాడేది. ఆ ఇంటికి రావలసిన మాటలన్నీ ఆయనే వాడేసేవాడు.

మర్నాడు కొండప్ప అతన్ని గెడ్డ దాటించి తెచ్చాడు. భద్రమ్మగారు ముక్కు నుంచి మొదలుపెట్టి తడుముతూ ఎడమ వెనక కాలి దగ్గర ఆగారు. అక్కడ వాచి ఉంది. ఎవరైనా కొట్టారా అని అడిగారు.

"కొట్టలేదమ్మగారూ. తోశారు. తోస్తే కాలు తలుపురాయి కింద పడింది" అన్నాడు సింహాద్రి.

ఏమైనా చెప్పుకుంటావా అన్న ప్రశ్నకి అతను చెప్పుకున్నది పూర్తయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గుహలో నీరు కారుతోంది, గంగులు గురక పెడతాడు, నిన్న పెట్టిన దుంప పుచ్చుది, దుంపలు తిన్నానని పట్టుకున్నవాళ్ళు మంచి దుంప పెట్టాలి కదా. జనం నవ్వారు. భద్రమ్మగారు మాత్రం అంతా విన్నారు. కొండప్పకి నాలుగు ఆజ్ఞలు ఇచ్చారు. కాలికి పసరు కట్టాలి, పొడి చోట పడుకోబెట్టాలి, మంచి తిండి పెట్టాలి, నీళ్ళు అందేట్టు ఉంచాలి. వచ్చే పక్షం ఇదే కాలు మళ్ళీ తడిమి చూస్తానన్నారు. అప్పుడు కొమ్మ విరిచి ఇచ్చారు.

నూకాలు మొహం తేటపడింది. దొంగతనం సంగతి ఎలాగో తేలుతుంది, ముందు కాలు మానితే చాలనుకుంది.

తిరిగి గెడ్డ దాటుతూ కొండప్ప గంగులుతో ఒక మాట అన్నాడట. గంగులే తర్వాత చెప్పాడు. "చూశావా, తీసుకొచ్చినందుకు నాకు నాలుగు పనులు పడ్డాయి. తేకపోతే ఒక్కటీ ఉండేది కాదు."

అమావాస్య మర్నాడు కొండప్ప ఒక్కడే వచ్చాడు. పొట్ట దాకా తడిసి ఉన్నాడు. గెడ్డ పొంగిందని, కుంటివాణ్ని దాటించడం ప్రమాదమని, వాడి ప్రాణం మీద శ్రద్ధతోనే తేలేదని చెప్పాడు. కాలు చాలావరకు మానిందన్నాడు. కొత్త కొమ్మ ఇప్పించమన్నాడు.

ఎప్పుడూ మాట్లాడని నూకాలు ఆ రోజు ముందుకు వచ్చి, "మరి మీరు దాటి వచ్చారు కదండీ" అంది.

"నేను ఉద్యోగం మీద వచ్చానమ్మా" అన్నాడు కొండప్ప. దానికీ దీనికీ సంబంధం ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు కానీ, చెప్పిన తీరులో బరువు ఉంది. దుప్పులు తలలూపాయి. దుప్పులకి మేతవేళ దాటుతోంది. మేతవేళ దాటుతుంటే దుప్పులు దేనికైనా తలలూపుతాయి.

భద్రమ్మగారు ఈ ఒక్కసారికే అని కొమ్మ విరిచి ఇచ్చారు.

ఆ పక్షంలో నూకాలు గుహ దాకా మూడుసార్లు వెళ్ళింది. మొదటిసారి వెళ్ళేసరికే గెడ్డలో నీళ్ళు కుందేలు మోకాలి దాకా ఉన్నాయి. గంగులు లోపలికి పోనివ్వలేదు. గుచ్చిన కొమ్మ చూపించి, ఆకు వాడాక రమ్మన్నాడు. ఆ కొమ్మ ఆయన్ని లోపల ఉంచడానికా, నన్ను బయట ఉంచడానికా అని నూకాలు అడిగింది. గంగులు పళ్ళు చూపించాడు. ఆ రోజు, తర్వాతి సారి, రాయి వెనక నుంచి సింహాద్రి గొంతు సన్నగా వినిపించింది. మూడోసారి పిలిస్తే పలకలేదు. నిద్రపోతున్నాడని గంగులు చెప్పాడు.

పున్నమి మర్నాడు గెడ్డ పేరు చెప్పడానికి లేకుండా పోయింది. అందుకని కొండప్ప పులిగారి పేరు చెప్పాడు. పొరుగు కొండ పులిగారు మన కొండ మీదుగా వెళ్ళే అవకాశం ఉందట. కాపలాకి ఉన్న నాలుగు రేచుకుక్కల్నీ ఆ దారిలో బందోబస్తుకి వేశారట. ఖైదీ వెంట పంపడానికి ఎవరూ లేరట. పులిగారు వచ్చారా అంటే రాలేదు. వచ్చే అవకాశం మాత్రం ఇప్పటికీ ఉంది.

ఈసారి కొండప్ప భుజం మీద ఒక చిలక ఉంది. మెడకి ఎర్రగీత, మొహం నిండా గర్వం. ఒక్కసారి వింటే చాలు, ఎవరి గొంతైనా దించేస్తుంది. తనకి ఆలోచన లేదని ఎవరైనా అంటే దానికి కోపం రాదు, జ్ఞాపకం లేదంటే మాత్రం సహించదు.

ఇది కొత్త ఏర్పాటని కొండప్ప వివరించాడు. "అమ్మగారూ, మీకు కావలసింది వాడి మాటే కదా. మాట ఇది తెస్తుంది. శరీరం గెడ్డ దాటి రావడం, కాలు నొప్పి, కుక్కల ఖర్చు, ఇదంతా ఎందుకు? మీరు ప్రశ్న అడగండి, ఖైదీ గొంతులోనే జవాబు వస్తుంది."

అక్కడే తాబేలు తాత లేచాడు. ఆయన లేవడం మొదలుపెడితే అందరం సర్దుకుని కూర్చునేవాళ్ళం, ఎంతసేపు పడుతుందో తెలుసు కాబట్టి. మా కొండ చట్టం పుట్టినప్పుడు ఉన్నవాడు ఆయనొక్కడే.

"అమ్మా, కొమ్మ ఇచ్చేది నక్కని చూసి కాదు, ఖైదీని చూసి" అన్నాడు తాత. "చూడకుండా ఇచ్చింది కొమ్మే కాదు. పోయినసారిది చెల్లిందనుకున్నా, దాని ఆకులు కూడా నిన్ననే వాడిపోయాయి. ఈ పొద్దుట నుంచి అది జైలు కాదు, బొరియ. కొండప్ప కాపలావాడు కాదు, ఒకణ్ని బొరియలో పెట్టి మూసినవాడు. రాయి తీయించండి."

కొండప్ప నొచ్చుకోలేదు. తాతగారు పెద్దవారని, గౌరవం ఉందని ముందు చెప్పాడు. తర్వాత, ఖైదీ ఎదురుగా లేనంత మాత్రాన అమ్మగారి ఆజ్ఞ ఆజ్ఞ కాకుండా పోతుందా అని అడిగాడు. పోయినసారి పొరపాటే జరిగిందనుకుందాం, ఈసారి మంచి కొమ్మ ఇస్తే ఆ పొరపాటు దానంతట అదే మాసిపోతుంది కదా అన్నాడు. ఒక రోజు ఆలస్యమైందని దుంపల దొంగని వదిలేస్తే రేపు ఎవరి పాతర మిగులుతుందని అడవిపందుల వైపు తిరిగాడు. అడవిపందులు గట్టిగా గుర్రుమన్నాయి. పాతరలో ఏమీ మిగలని వాళ్ళకి పాతర మీద ప్రేమ ఎక్కువ.

భద్రమ్మగారు ఇటు తాతనీ అటు నక్కనీ నొప్పించలేక, సరే, ముందు చిలకని అడిగి చూద్దామన్నారు.

"తిన్నావా?"

"తిన్నాను" అంది చిలక. అచ్చం సింహాద్రి గొంతు.

"ఎవరైనా కొట్టారా?"

చిన్న దగ్గు. "కొట్టలేదు."

"ఏమైనా చెప్పుకుంటావా?"

"చెప్పుకునేదేమీ లేదు."

గొంతు వినగానే నూకాలు ఏడ్చేసింది. గుహ దగ్గర మూడోసారి పిలిస్తే పలకని గొంతు అది. కళ్ళు తుడుచుకుని, కాలు ఎలా ఉందని చిలకనే అడిగింది. చిలక కొండప్ప వైపు చూసింది. అది నాలుగో ప్రశ్న అని, చట్టంలో మూడే ఉన్నాయని కొండప్ప మర్యాదగా చెప్పాడు. భద్రమ్మగారు మూడో కొమ్మ విరిచి ఇచ్చారు. అందరం ఇళ్ళకి పోయాం. కొత్త ఏర్పాటు బాగుందని కుందేళ్ళు అన్నాయి. ఒక పూట మిగిలింది.

నూకాలుకి మాత్రం ఇంటికి వచ్చాక ఏడుపు ఆగి ఆలోచన మొదలైంది. మంచు పడితే చలని గొణిగే మొగుడు, నెల రోజులు గుహలో ఉండి, చెప్పుకునేదేమీ లేదంటాడా? ఈ సంగతి తాబేలు తాతకి చెప్పింది. ఆ మాట అతని గొంతుదే గాని అతని మాట కాదన్నాడు తాత. వచ్చే పక్షం జాగ్రత్తగా వినమన్నాడు.

అమావాస్య మర్నాడు ఆమె రాతిపరుపుకి అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. కొండప్ప చిలకతో వచ్చాడు. ఈసారి కారణం కూడా చెప్పలేదు, అవసరం తీరిపోయింది. భద్రమ్మగారు మూడు ప్రశ్నలు అడిగారు. తిన్నాను. చిన్న దగ్గు, కొట్టలేదు. చెప్పుకునేదేమీ లేదు. దగ్గు కూడా అదే చోట, అంతే పొడుగు.

భద్రమ్మగారి తొండం కానుగ చెట్టు వైపు వెళ్ళింది. కొమ్మ విరిగిన చప్పుడైంది.

నూకాలు అడ్డం పడలేదు. కోర్టుతో ఒక్క మాట అనలేదు. లేచి చిలక దగ్గరికి వెళ్ళి, అందరికీ వినపడేట్టు, "ఇంతేనా నీ జ్ఞాపకం?" అంది. "మూడు ముక్కలు మా పెరట్లో గోరింక కూడా చెబుతుంది. గుహలో అన్నాళ్ళు ఉన్నావు. విన్నది ఇంతేనా? పాపం, పెద్దదానివైపోయావులే."

కోతులు కిచకిచలాడాయి. చిలక మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. కొండప్ప చప్పున దాని కాలు పట్టుకోబోయాడు. అప్పటికే అది ఎగిరి, భద్రమ్మగారి దంతం మీద వాలింది. వాలి, మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పింది.

ముందు కొండప్ప గొంతు. "తిన్నాను అను."

సింహాద్రి గొంతు. "నీళ్ళు పొయ్యండయ్యా."

"అంటే పోస్తాను. తిన్నాను అను. ఏడుపు లేకుండా."

"తిన్నాను."

"కొట్టలేదు అను."

దగ్గు. "కొట్టలేదు. ఒక్కసారి అమ్మగారి ముందుకి తీసుకెళ్ళండయ్యా. కాలు కుళ్ళిపోతోంది. ఆవిడ తడిమితే తెలుస్తుంది."

"గెడ్డ తగ్గాక."

"గెడ్డ తగ్గిపోయింది కదయ్యా. రెండు రోజుల నుంచి చప్పుడు వినపడటం లేదు."

"చెప్పుకునేదేమీ లేదు అను. అప్పుడే నీళ్ళు."

"చెప్పుకునేదేమీ లేదు."

తర్వాత చిలక చాలాసేపు ఒక చప్పుడు చేసింది. ఊపిరి తీసే చప్పుడు. తీసి, ఆగి, మళ్ళీ తీసి. అది ఆగిపోయాక గంగులు గొంతు పలికింది.

"కొండప్పా, వీడు లేవటం లేదు."

"కొమ్మ పచ్చగా ఉందా?"

"ఉంది. ఇంకా మూడు రోజులకి సరిపోతుంది."

"అయితే ఆ మూడు రోజులూ వాడు నా ఖైదీయే. రాయి మూసెయ్. పున్నమికి చిలక ఉంది."

"మరి వీణ్ని ఏం చెయ్యను?"

"నీకు ఆకలెయ్యటం లేదూ?"

అక్కడితో అయిపోయింది. చిలక చుట్టూ చూసింది, మెచ్చుకోలు కోసం. పోయిన పక్షంలో గంగులుకి ఒళ్ళు వచ్చిందని మేమందరం అనుకున్నాం. ఎలా వచ్చిందని ఎవరమూ అడగలేదు.

నూకాలు ఏడవలేదు. చిలక దగ్గరికి ఏ కాళ్ళ మీద నడిచి వెళ్ళిందో ఆ కాళ్ళ మీదే అలా నిలబడిపోయింది.

కొండప్ప అప్పుడు కూడా తగ్గలేదు. కొమ్మ పచ్చగా ఉండగానే పోయాడని, పోయిన రోజుకి తన దగ్గర అధికారం ఉందని, ఆ అధికారం తను చేసుకున్నది కాదని చెప్పాడు. "ఇచ్చింది తమరే కదా అమ్మగారూ. చూడకుండా ఇవ్వమని నేను అడిగాను. అడగటం నేరమా?"

భద్రమ్మగారు తొండంలో కొమ్మ కింద పడేశారు. రాతిపరుపు దిగి గెడ్డలోకి నడిచారు. ఇన్నేళ్ళలో ఆవిడ అవతలి గట్టుకి వెళ్ళడం అదే మొదలు. నీళ్ళు ఆవిడ కాలి గోళ్ళు దాటి పైకి రాలేదు. పొంగిందని చెప్పిన రోజున కూడా మోకాలు దాటి ఉండవు. ఆ సంగతి ఆవిడకీ అప్పుడే తట్టినట్టుంది, నడిగెడ్డలో ఒకసారి ఆగారు. తర్వాత వెళ్ళి రాయి పక్కకి తోసి, లోపలికి తొండం చాపి తడిమారు. ముళ్ళు మాత్రం దొరికాయి. ముళ్ళు గంగులు కూడా తినలేడు.

తిరిగి వచ్చి రాతిపరుపు మీద నిలబడి, తను చూడకుండా ఇచ్చిన రెండు కొమ్మలూ మొదటి నుంచీ చెల్లవని, సింహాద్రిని అన్ని రోజులూ ఉంచింది చట్టం కాదని, మూడో కొమ్మ ఒక శవానికి ఇచ్చానని, అందరికీ వినపడేట్టు చెప్పారు. చెప్పడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. కొండప్పని పట్టుకుని, అక్కడికక్కడే ముక్కు నుంచి తోక దాకా తడిమి, అదే గుహలో పెట్టమన్నారు.

ఇక కాపలా ఎవరన్న ప్రశ్న వచ్చింది. ఆ గుహ ముందు కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. గంగులు ముందుకు వచ్చి, జరిగిందంతా ఒప్పుకుని సాక్ష్యం చెబుతానన్నాడు. చెప్పాడు కూడా, బాగా ఏడుస్తూ. అనుభవం ఉన్నవాడు కదా అని కాపలా అతనికే ఇచ్చాం. మా కొండలో ఉద్యోగాలు ఇలాగే భర్తీ అవుతాయి.

పదిహేను రోజులు గడిచాయి. గంగులు ఒక్కడే వచ్చాడు. కొండప్పకి జ్వరమని, నడవలేడని, కొమ్మ ఇప్పిస్తే తీసుకుపోతానని చెప్పాడు. చెబుతూ రెండుసార్లు మూతి నాక్కున్నాడు. ఇచ్చెయ్యండి, ఆ మొహం ఎవరికి చూడాలనుందని కోతులు అరిచాయి. అడవిపందులు గుర్రుమన్నాయి. దుప్పులు తలలూపాయి.

"తీసుకురమ్మనండి" అంది నూకాలు.

కోతుల పెద్ద ఆమెని వింతగా చూశాడు. "నీ మొగుణ్ని చంపినవాడే పిల్లా."

"అందుకే. వాడు బతికి ఉండి జవాబు చెప్పాలి. వాణ్ని ఎదురుగా నిలబెట్టి, చూసి, అప్పుడు గడువు ఎన్నాళ్ళయినా పెంచండి. చూడకుండా మాత్రం ఒక్క పూట వద్దు."

భద్రమ్మగారు గంగులు వైపు చూశారు. గంగులు వెళ్ళి తీసుకొచ్చాడు. కొండప్ప డొక్కలు లోపలికి పోయాయి. ఒక చెవి సగం లేదు. తొండం ఆ చెవి దగ్గర ఆగింది. తిన్నావా అంటే లేదన్నాడు. ఎవరైనా కొట్టారా అంటే, కొరికారన్నాడు. ఏమైనా చెప్పుకుంటావా అని అడిగినప్పుడు, అంత మాటకారీ ముందు గంగులు వైపు చూశాడు. తర్వాత భద్రమ్మగారి వైపు కాదు, నూకాలు వైపు తిరిగాడు.

"వచ్చే పక్షం కూడా నువ్వు రా అమ్మా" అన్నాడు. "వచ్చి, నన్ను తీసుకురమ్మని చెప్పు."

నీతి: ఖైదీని కళ్ళెదుట నిలబెట్టి చూడకుండా గడువు పెంచే అధికారం ఎవరికీ లేదు, ఇచ్చిన చెయ్యి ఎంత మంచిదైనా సరే.